రెండున్నర గంటలు

ఏడురోడ్ల వెనక సందులో, మిద్దె మీద
నా టికెట్ల అంగడి.
గోడకు ప్రపంచపటం,
గల్ఫు దగ్గర వేళ్లు తగిలి తగిలి
కాగితం నూగు లేచిపోయింది.
నేను ఇంతవరకూ విమానమెక్కలేదు.
ఆ మాట అడిగినవాళ్లకే చెబుతాను.

పెండ్లిమర్రి మాబున్ని అడగలేదు.
కొంగుముడి విప్పి పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి
“కువైట్ ఎంత దవ్వున్నా?” అనింది.
మద్రాసు నుంచి మూడువేల ఏడొందల చిల్లర కిలోమీటర్లు.
“అట్ల జెప్తే నాకేం తెలుస్తాది.
మా ఊర్నించి కడపకు ఎన్నిమార్లు వస్తే అంత?”

ఇరవై ఐదు కిలోమీటర్లు.
క్యాలిక్యులేటర్ నొక్కాను.
నూటయాభై మార్లు.
ఆమె వేళ్ల కణుపుల మీద తన లెక్క వేసుకుంది:
దినామూ టమేటా గంపతో రావడం,
ఉత్తగంపతో పోవడం,
పదకొండేండ్లు.
“అయితే యేడాదికి రెండుతూర్లు
పోయొచ్చినా గదా నేను!
ఒక్క నాబట్టా వీసా అడగల్యా.”

నవ్వి, టికెట్టు వైపు చూసింది.
ఆరూ పదికి లేస్తుంది, ఎనిమిదీ నలభైకి దిగుతుంది.
“ఇంతేనా? మద్రాసు బస్సు
కోడూరు గూడ దాటదే అంతలోకి!”
కాదమ్మా, గాలిలో అయిదు గంటలు.
అక్కడి పొద్దు మనకంటే వెనక.
దిగగానే గడియారం రెండున్నర గంటలు
వెనక్కి తిప్పుకోవాలి.
“ఊరికే ఇస్తారా ఆ రెండున్నర?”
తిరిగొచ్చేటప్పుడు కట్టేయాలి.
“వడ్డీయెంత?”

నా దగ్గర జవాబు లేదు.
టికెట్టు మీద రాయని గంటలు మాత్రం తెలుసు:
చీకటి పడకముందే కడపలో బస్సు,
రాజంపేట, బాలుపల్లె అడవి, రేణిగుంటలో టీ,
విమానాశ్రయం కుర్చీలో సగం రాత్రి
సద్దిమూటలా ముడుచుకుని
అరబ్బీ అక్షరాల కాగితం ఉందా లేదా అని
రైకలో తడిమి చూసుకోవడం,
కౌంటరులో పేరు తప్పు చదివితే
ఆ తప్పు పేరుకే పలకడం.
అన్నీ కలిపితే పంతొమ్మిది.
నేను అచ్చేసి ఇచ్చేది అయిదు.

మూడేండ్లకు మళ్లీ మెట్లెక్కి వచ్చింది.
మనిషి కొంచెం తెల్లబడింది, గొంతు అదే.
మణికట్టుకు పోయేనాటి చిన్న గడియారం.
“తిప్పినావా?” అన్నాను, నవ్విద్దామని.

“యాడ తిప్పినా.
ఆడగూడ మన టయమే పెట్టుకున్యా.
మా ఊరి అయిదు గంటల బస్సు కదిలే పొద్దుకు
మెలకువొచ్చేది.
వాళ్లకప్పుడు రెండున్నర.
లైటేసుకోకుండా, సద్దు చేయకుండా
వంటింట్లో కూచుండేదాన్ని.
వాళ్లు లేచేదాకా
ఎవురూ నన్ను పిలవరు గదా.”

నేను బల్ల మీది కాగితాలు సర్దాను,
సర్దినవే మళ్లీ.
లేస్తూ అడిగింది:
“మార్కెట్లో టమేటా పెట్టె ఎంత పలకతాందన్నా?”

రియాద్ ఎంత దూరమో పటం చూడకుండా చెప్పగలను.
మస్కట్, దోహా, బహ్రెయిన్,
ఏది ఎన్నింటికి లేస్తుందో, ఎన్నింటికి వాలుతుందో.
ఇది మాత్రం
కింద వీధిలోకి దిగి
కనుక్కోవాల్సి వచ్చింది.