ఉద్దెర

రాత్రి పదకొండున్నరకు
చిలకలగూడ మూడో అంతస్తు అద్దె గదిల
నా దుకాణం షట్టర్ లేస్తది.
ఫోన్ల ఒక కోట, కోట కింద సంత,
సంత మూలకు నా కొట్టు:
కత్తులు, దండకడియాలు, ఎర్ర మందు సీసలు,
పాము కుబుసంతో కుట్టిన సంచులు,
శేరు లెక్కన పిడుగుల పొడి.

పొద్దంత నేను చేసేది కూడ దుకాణమే అంటరు.
బోయిన్‌పల్లి గోదాం, కిటికీల్లేని రేకుల షెడ్డు.
చేతికి కట్టిన మిషన్ కూస్తది:
ఏడో వరుస, నాలుగో అర, కొత్తిమీర కట్ట,
తొంబై సెకండ్లు.
ఎవలు తింటరో ఆ కొత్తిమీర,
పచ్చడికో, పప్పులకో,
ఇంటికి చుట్టాలొచ్చిన్రో, తెల్వది.
సంచికి మొకముండదు.
మూతికి పిన్ను కొట్టి పంపుడే.

అందుకేనేమో ఈ ఆట.
ఇక్కడ గిరాకి తలుపు తోసుకొని వస్తది.
గంట మోగుతది.
ఎక్కువ చెప్తే కనుబొమ్మలు ముడుస్తది.

నిన్న మా మేనత్త మాణికమ్మ
పక్కన ఒరిగి చూసింది.
ముప్పై ఒక్క ఏండ్లు వారాసిగూడ గల్లీల
కిరాణం నడిపిన మనిషి.
తక్కెడ ఎప్పుడో అమ్మేసింది గాని
ముల్లు ఆమె కండ్లల్లనే ఉండిపోయింది.

"బోణీ అయిందా పిల్లా?"
అయింది, మంత్రాల ముసలిది దీపం కొన్నది.
"కొసరేసినవా?"
కొసరుకు బటన్ లేదత్తా.
"మరి గది దుకాణమెట్లయితది?"

అప్పుడొచ్చిండు కొమ్ములోడు.
భుజాన పగిలిన డాలు, ఒక కొమ్ముకు గుడ్డపట్టి.
గుహకు పోతున్నడట, రెక్కల పాము మీదికి.
మందు సీస నలభై.
వాని తాన పదకొండు.
ఆట నాకు రెండే మాటలిచ్చింది:
అమ్ము. పంపెయ్.

అత్త అద్దాలు సదురుకొని వంగింది.
"కాళ్ళకు చెప్పుల్లేవు చూడు వానికి.
రాసుకొని ఇయ్యి."
రాసుకునే జాగ లేదత్తా ఇందుల.
"గంత పెద్ద కోట కట్టిన్రు,
ఒక్క పుస్తకం పెట్టలే?"

లేచి ట్రంకు పెట్టె తెరిచింది.
ఎర్రగుడ్డ అట్ట, పొడుగు పుస్తకం,
బెల్లం మరకలు, గ్యాసునూనె వాసన.
గోడకు "ఉద్దెర రేపు" అని రాయించింది ఆమెనే,
ఆ రేపులన్ని ఈ పుస్తకంలనే ఉన్నయి.
గిర్నీ లింగయ్య, బట్టల సబ్బు, రెండు బీడి కట్టలు.
టైలర్ ఖాజాబీ, పావుకిలో పల్లినూనె.
మూడో ఇంటి టీచరమ్మ (పేరు అడుగలే), కాఫీపొడి.
కొన్ని గీత కొట్టి ఉన్నయి.
కొన్ని లెవ్వు.
కొందరు మనుషులే లెవ్వు.

కడపటి పేరు కింద, వంకర అక్షరాలతో:
కొమ్ములోడు. ఎర్ర మందు ఒకటి. నలభై.
ఆ పదకొండన్న తీసుకుంటనంటే
"ఉండనియ్యి, తొవ్వఖర్చులకు" అన్నది.

ధర సున్న పెట్టి ఒత్తిన.
తెర ఎర్రగయింది. నష్టం, నష్టం అని మెరిసింది.
"దానికేం ఎరుక" అని
అత్త అటు తిరిగి పండుకున్నది.

నాలుగు రాత్రుల తర్వాత వచ్చిండు వాడు.
కొమ్ముకు పట్టి లేదు, నడుముకు బరువు సంచి.
వాడేనా? అందరు కొమ్ములోళ్ళకు ఒకటే మొకం.
వెండి టోపీ కొన్నడు,
రెండు నాణేల కాడ గంటసేపు గీసి గీసి.
పాత బాకీ అని నోటిదాక వచ్చింది నాకు,
అడిగేటందుకు ఆటల మాట లేకున్నా.
అత్త నా మణికట్టు పట్టుకున్నది.
"అడుగకు.
అడిగితే రేపటికెల్లి ఇంకో దుకాణం తొవ్వ పడతడు.
యాదికుంటే వాడే అంటడు."

వాడేమనలే.
గంట మోగింది, తలుపు మూసుకున్నది.
పేజీ మీద నలభై అట్లనే ఉన్నది, గీత లేకుంట.
అత్త మొకంల మాత్రం
గిరాకి నిలబడ్డ సంబురం.

పొద్దుగాల ఏడో వరుస, నాలుగో అర.
చేతికందింది ఒక సన్న కట్ట.
పెట్టేసి, అడుగున చేయిపెట్టి
అన్నిట్ల పెద్దది గుంజిన.
పన్నెండు సెకండ్లు ఆలస్యమని
కూసింది మిషన్.

రాసుకో, అన్న దానితోని.