నిమ్మళం

బండి నడవట్లేదని కాదు ఫోను.
నడుస్తోందట, మనిషి నడిచినట్టు.
ఎక్కి కూచున్న రోగి కంటే
వెనక సంచీ పట్టుకు నడిచే చుట్టమే
ముందు వార్డుకు చేరుతున్నాడని
పాణిగ్రాహి సారు ఒడియాలో మొదలెట్టి తెలుగులో విసుక్కున్నారు.

పర్లాకిమిడి పెద్దాసుపత్రి.
ఎక్స్‌రే గది పక్కన రేకుల షెడ్డులో ఉంది గోల్ఫు బండి.
గోల్ఫు మైదానం అదెన్నడూ చూడలేదు.
గోపాలపురం సముద్రపు హోటల్లో
గదులకు మనుషుల్ని మోసి మోసి
ముసలితనానికి ఇక్కడికొచ్చింది.
కొత్త రంగు కింద సగం కొబ్బరిచెట్టు, సగం హోటలు పేరు.
సీటు చిరుగుల్లో ఇప్పటికీ ఇసక.

సీటు ఎత్తాను.
ఆరు బ్యాటరీలు, ఒక్కోటి ఎనిమిది వోల్టులు,
ఒకే బంతిలో కూచున్న పెళ్ళి పెద్దల్లా.
టెర్మినళ్ళ మీద పచ్చటి బూజు.
వేడినీళ్ళలో తినేసోడా కలిపి పోస్తే బుసబుసమంది.
పాత బ్రష్షుతో తోమాను.
మా ఆవిడ బ్రష్షు. ఇంట్లో తెలీదు.

నిలబడి ఉన్నప్పుడు అన్నీ ఎనిమిదే చూపించాయి.
నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా బాగానే ఉంటారు.
ప్రసూతి వార్డు ఎత్తు ఎక్కించమని దండాసికి చెప్పి
మీటరు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.
నాలుగోది అయిదుకు జారింది.
మూత తీసి హైడ్రోమీటరు పెడితే
ఒక గదిలో బుడ్డి మునిగే ఉంది, లేవలేదు.

కొత్తది వేస్తే ఈ అయిదూ కలిసి దాన్ని పీల్చేస్తాయి,
ఆర్నెల్లకు దానికీ వీటి వయసే.
షాపుకెళ్ళి, ఇచ్ఛాపురంలో పడిపోయిన ఇంకో బండిలోది,
ఈ ఈడుదే ఒకటి తెచ్చి కలిపాను.
జాకీ వేసి వెనక చక్రాలు చేత్తో తిప్పాను,
బ్రేకు పట్టెయ్యలేదు.
టైర్లకు గాలి కొట్టాను.
మోటారు బొగ్గులు అరిగాయి గానీ ఉన్నాయి.

ఇంతసేపూ దండాసి ఒక్క మాట అనలేదు.
ఆసుపత్రి కదా, బీడీ చెవి మీదే ఉంది.

మళ్ళీ తోలాం.
ఎత్తులో కూడా నలభై ఏడుకు తగ్గలేదు మీటరు.
బండి మాత్రం అదే నడక.
ఒక కుక్క మమ్మల్ని దాటిపోయి
వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు వంగాను, పెడలు కిందికి.
చెక్కముక్క. టేకుది. అగ్గిపెట్టంత.
సైకిలు ట్యూబు చుట్టి, రెండు మేకులు దించి,
పెడలు తగిలినా చప్పుడు రాకుండా.
ఏ వడ్రంగయినా మెచ్చుకునే పని.

"వానల్లో బావూ," అన్నాడు దండాసి,
"గుమ్మ కొండలకాడి సవర పిల్ల. ఆపరేషను కానుపు.
ఇంటికి పంపేత్తన్నారు.
పైపుకి తవ్విన గొయ్యి కాడ బండి ఎగిరిపడింది.
ఆ పిల్ల అరవనేదు.
ఎనకనుంచి నా చొక్కా పట్టుకుంది.
ఇంటికెల్లి సూస్తే చొక్కా చిరిగుంది.
అరిసినా బాగున్ను."

గొయ్యి చూశాను. అలాగే ఉంది.
ఎవరో రెండు ఇటుకలు పడేశారు.

పెడలు కింద చెయ్యి పెట్టి
మేకులు తడిమాను.
ఒకటి వదులు.
స్క్రూడ్రైవరు పిడితో కొట్టి దించాను.

రసీదులో రాశాను:
బ్యాటరీ ఒకటి, టెర్మినళ్ళు, గాలి.
మరి జోరు? అన్నారు పాణిగ్రాహి సారు.
పాతబండి సార్, ఇంతకంటే లాగదు, అన్నాను.
ఆయన ఒడియాలో ఏదో గొణిగి సంతకం పెట్టారు.

నేను బయల్దేరేసరికి ప్రసూతి వార్డు మెట్ల దగ్గర
తలగడ పొట్టకు అదుముకుని ఒకావిడ బండెక్కుతోంది.
బిడ్డ ముసలమ్మ చేతుల్లో.
స్కూటరు తోసుకుంటూ నడిచినా
నేనే ముందు గేటు చేరాను.

గాలికి మూసుకుపోతోంది గేటు.
ఒక చేత్తో స్కూటరు, ఒక చేత్తో గేటు రెక్క
పట్టుకుని నిలబడ్డాను,
వాళ్ళు వచ్చేదాకా.