కంబళి కింద

కుందుర్పి దాటినాక ఎండ
మిషను తెర మీద పడి ఏమీ కనపడనియ్యదు.
అందుకే కెంచప్ప భుజం మీది నల్ల కంబళి తీసి
నా తలకూ తెరకూ కలిపి కప్పుతాడు.
లోపల ఉన్ని వాసన, చెమట, వేళ్ళకు జెల్ చల్లదనం.
గొర్రె బొచ్చుతో నేసిన చీకట్లో
గొర్రె కడుపు చూస్తాను.

మనకు వినపడని శబ్దం లోపలికి పోయి
దేనికో తగిలి తిరిగొస్తుంది.
నీరైతే నలుపు. ఎముకైతే తెలుపు.
మిగిలిందంతా కళ్ళంలో
చెనిక్కాయ పొట్టు తూర్పారబట్టినప్పుడు లేచే దుమ్ము.
"ఇదేం బొమ్మ మేడమ్,
గాలిమరల దిక్కునుంచి సుడిగాలి లేసినట్టుండాది"
అన్నాడు కెంచప్ప మొదటి రోజు.
నవ్వినాను.
ఆ దుమ్మును మా పుస్తకాల్లో స్పెకిల్ అంటారు.
దాన్ని ఊడ్చడమే నా చదువు.

రాత్రి కళ్యాణదుర్గంలో అద్దె గది.
కరెంటు పోతే ల్యాప్‌టాపే దీపం.
నేను రాసిన ప్రోగ్రాం చిన్నదే.
తెర మీది ప్రతి చుక్కా
చుట్టూ ఉన్న ఎనిమిది ఇళ్ళవాళ్ళను పిలిచి
మీరెంత నలుపు, మీరెంత తెలుపు అని అడుగుతుంది.
తనతో సహా అందరినీ వరసలో నిలబెట్టి
నడిమివాడి రంగు తాను పూసుకుంటుంది.
అంతే, దుమ్ము అణిగిపోతుంది.

నాకది చాల్లేదు.
నలభై ఎనిమిది ఇళ్ళను అడగమన్నాను.
అలికిన గోడ మాదిరి నున్నగా వచ్చింది బొమ్మ.
"ఎంత శుభ్రంగా ఉందమ్మా రహీమా" అన్నారు గైడు సారు.
ఆ పూట అన్నం కూడా రుచిగా ఉండింది.

ఆ నెల కెంచప్ప మందలో అరవై నాలుగు చూసినాను.
చూడివి నలభై మూడు. ఒట్టివి ఇరవై ఒకటి.
వానల్లేవు, మేత లేదు,
ఒట్టివాటిని శనివారం సంతకు తోలాల.
ముప్పై ఒకటో నంబరు దగ్గర మాత్రం
కడుపు కింద చెయ్యి పెట్టి ఆగినాడు.
"ఇది కట్టినట్టుండాదే..."
"నలుపు ఏదీ, చూడు" అని తెర చూపించినాను.
తెర చూడలేదు, నా మొగం చూసినాడు.
తాడు విప్పినాడు.

వారం తర్వాత
ఊడ్చకముందు బొమ్మలు కూడా పంపమని
పత్రికవాళ్ళు అడిగితే
పాత ఫైళ్ళు తెరిచినాను.
ముప్పై ఒకటి.
దుమ్ము మధ్యన రాగిగింజంత నలుపు.
దాంట్లో ఏదో అదురుతోంది,
సెకనుకు మూడుసార్లు, తడబడకుండా.
రక్తనాళమేమోలే అనుకున్నాను.
వెనక్కి తిప్పి మళ్ళీ చూసినాను.
పదిసార్లు అనుకున్నాను రక్తనాళమేమోలే అని.
కాదు.
చుట్టుపక్కల నలభై ఎనిమిది ఇళ్ళ మాట విని
ఆ గింజ
నాకు లేదని చెప్పింది.

దాచలేదు, పోయి చెప్పినాను.
కెంచప్ప ఆకు నములుతున్నాడు.
"పదకొండు వేలకు పోయింది" అన్నాడు.
బేరగాడి పేరు చెప్పినాడు, లారీ ఏ దిక్కు పోయిందో చెప్పినాడు.
చాలాసేపటికి ఉమ్మేసి
"దుమ్ము లేయకుండా ఈ సీమలో వాన
యాడన్నా వచ్చిందా మేడమ్" అన్నాడు.
తిట్టినాడో ఓదార్చినాడో నాకు తెలియదు.
కంబళి విదిలించినాడు.

ఇప్పుడు ఫిల్టరు ఆపేసే కూర్చుంటాను.
కళ్ళు మండేదాకా దుమ్ములోకి చూస్తాను.
థీసిస్ పట్టికలో ముప్పై ఒకటో వరసలో
ఒట్టిది అన్న మాట కొట్టేసినాను,
దాని చోట ఏం రాయాలో తెలియక
గడి ఖాళీగా ఉంది.

నిన్న కెంచప్ప కూడా కంబళిలోకి తల పెట్టినాడు.
ఆకు వాసన, గడ్డం గరుకు, ఇద్దరి ఊపిరి.
"అదో, ఆ మూలన... ఉలికింది చూడు."
నాకు కనపడలేదు.
ప్రోబు తీయకుండా
అట్లే పట్టుకున్నాను.