పెళ్లి రొట్టె

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు
కోరికల సంత.
గట్టు పొడవునా బోర్డులు కడతారు:
ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె.
కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు,
తీరనివాళ్లు తీసుకుని తింటారు.
మోకాటి లోతు నీళ్లలో
ఎవరిది ఏ కులమని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.
గట్టెక్కాక ఉంటుంది.

మా అమ్మ పెంచలమ్మ
పదకొండేళ్లు పెళ్లి బోర్డు కిందే నిలబడింది,
నా పేరు మీద.
పదకొండు మంది కొత్త పెళ్లికూతుళ్ల చేతి రొట్టెలు
నెత్తిన కొంగు కప్పుకుని తిన్నది.
బెల్లం ఎక్కువైన రొట్టె, మాడిన రొట్టె,
ఒక ఏడు ఉప్పు మరిచిన రొట్టె.
"తొందరలో కాల్చినట్టుండాది మే,
మొగుడు పిలిచుంటాడు" అని నవ్వింది.
తినేది అమ్మ.
పెళ్లి కావాల్సింది నాకు.
ఆ లెక్కలో ఎక్కడో పొరపాటుందని
నాకెప్పుడూ అనుమానమే.

నేను పొగతోట ల్యాబులో
సీసాల మీద రక్తానికి పేర్లు రాస్తాను.
రాత్రిళ్లు లైబ్రరీ పుస్తకాలు,
అట్టలూడిన అనువాదాలు, ఎక్కడెక్కడి దేశాలవో.
మంచు ఊళ్లో ఒక తల్లి
కూతురి చేతికి ఉన్ని ఉండ ఇచ్చి
కిటికీ పక్కన కూర్చోబెడుతుంది,
వీధి కనబడడానికి కాదు,
వీధికి కనబడడానికి.
ఎడారి ఊళ్లో ఇంకో తల్లి
టీ పళ్లెం మోయించి
ఒలకని చేతిని మెచ్చుకుంటుంది.
ఒక తండ్రైతే పెళ్లికొడుకు గుర్రం పళ్లు చూసి
సరేనంటాడు.
ఏ పుస్తకమైనా సరే,
నూటయాభయ్యో పేజీ దాటేలోపు
మా ముందుగది వచ్చేస్తుంది:
ప్లేట్లో మిక్చరు,
వచ్చినవాళ్ల వైపు తిప్పిన టేబుల్ ఫ్యాను.

ప్రేమంటారా, ఒకడుండేవాడు.
మైపాడు గేటు దగ్గర ఇన్వర్టర్లు బాగుచేసే జిలానీ.
ఒక ఏడు వాళ్లమ్మ కూడా అదే బోర్డు కింద
కొడుకు కోసం కొంగు పట్టింది.
ఇద్దరు తల్లులూ భుజాలు రాసుకుని నిలబడ్డారు.
ఒడ్డు మీద నేను, చెప్పులకు కాపలా.
"కొంచెం జరగమ్మా" అంది మా అమ్మ.
ఆమె జరిగింది.
ఎంత దూరం జరిగిందంటే
చలికాలం వచ్చేసరికి
ఉదయగిరి పిల్లతో అతని నిఖా అయిపోయింది.
వాళ్ల రొట్టె పలికింది.
నేనా వారం ఒకే పుస్తకాన్ని రెండుసార్లు చదివాను.
ఏం చదివానో గుర్తులేదు.

ఈ ఏడు పెళ్లి బోర్డు కింద అమ్మ లేదు.
భయం భయంగా ఆరోగ్యం బోర్డు కింద వెతికాను.
అక్కడా లేదు.
చివరికి చదువు రొట్టె దగ్గర,
టెన్త్ తప్పిన పిల్లల గుంపులో,
చీర నడుం దాకా తడిసిపోయి
అరవై రెండేళ్ల పెంచలమ్మ.
నర్సింగు సీటొచ్చిన పిల్లెవరో రొట్టె తుంచి ఇస్తూ
"ఎవరికవ్వా, మనవడికా?" అంది.
"నాకే మే.
మూడు సంబంధాలు తిప్పి పంపి
మా పిల్ల రేత్రంతా ఆ పుస్తకాలతో
ఏం మాట్లాడతాదో
నేను చూసుకోవాల."

పలక వద్దంది. సరాసరి నవలే కావాలంది.
రోజూ తొమ్మిదికి సీరియల్ ఆపేసి
కళ్లజోడు తుడుచుకుని కూర్చుంటుంది.
ఒత్తుల దగ్గర తడబడుతుంది.
'క్ష'ని అయితే తిట్టింది.
మూడు నెలలు పట్టింది. నిన్నటికి
మొదటి వాక్యం పూర్తయింది:
మంచు, కిటికీ, ఒక పిల్ల.
వేలు అక్కడే ఆపి నా వైపు చూసింది.
"ఈ పిల్లకి పెళ్లైందా మే?"

"చెప్పను. చదువు."

వేలు రెండో వరస మీదికి జరిపింది.
ఆ పిల్ల తల్లి
ఇంకా కథలోకి రాలేదు.