అక్షరానికి పదకొండు రూపాయలు

ఎర్రగుంట్ల దాటినాక మా పాలిష్ మిషన్ కాడ
నలభై ఒక్క నాపరాళ్ళు, మనిషెత్తువి, గోడకు ఆనించి ఉండాయి.
ఏదో దేశంలో ఏండ్ల తరబడి నరుక్కోని
ఇప్పుడు ఆపినారంట.
చచ్చినోళ్ళ పేర్లతో గోడ కడతారంట.
దుడ్డు ఇంకో దేశం సర్కారుది.
ఉలి మాది.

ఆ లిపి నాకు రాదు.
కాగితం మీది గీతల్ని గీతలుగానే దింపుతా,
కొక్కెం, సున్న, తోక.
పొట్టి పేరు వస్తే పసిబిడ్డేమో అనుకుంటా,
అట్లా ఉండదని తెలిసీ.

సర్కారు తరపున ఒకామె వచ్చింది.
పదిహేడో బండ మీద నీళ్ళు చల్లించి
పేరు పేరునా వేలితో తడిమింది.
ఒకచోట ఆగింది. చుక్క తప్పిపోయింది.
చుక్క ల్యాకపోతే వేరే మనిషంట.
వాళ్ళమ్మ బతికే ఉందంట, గోడ చూడ్డానికి వస్తుందంట.
పెట్టినా.
చుక్కకు కూలి లేదు, అది అక్షరం కాదు.

మాయన్న చౌడప్ప పేరు యాడా లేదు.
రేషన్ కార్డులో కొట్టేసినారు.
కోర్టు కాగితాల్లో వాడు 'మృతుడు-2'.
రాజీనాడు పెద్దమనుషులు
మా నాయన చెయ్యి ఓబన్న నాయన చేతిలో పెట్టి
ఇద్దరికీ మజ్జిగ తాపినారు.
ఇంగ ఆ మాట ఎత్తగూడదన్నారు.
ఇరవై ఆరేండ్లు. ఎత్తలేదు.

ఓబన్న పక్క మిషన్ మీదే.
వాళ్ళన్న మృతుడు-1.
ఒకే బండకు చెరో కొస పట్టుకుంటాం.
"ఎత్తు." "నీ దిక్కు." "దించు."
మా మధ్య తెలుగు ఇంతే.

తర్జుమా పిల్లోణ్ణి అడగమన్నా:
"ఇందులో చంపినోళ్ళ పేర్లు ఉండాయా?"
లేవంట. చచ్చినోళ్ళవేనంట.
"మా ఊర్లో అయితే ఒకటే పట్టీ సరిపోతాది" అన్నా.
ఆ పిల్లోడు ప్రొద్దుటూరోడు.
తల వంచుకోని
ఆమెకు ఇంకేదో చెప్పినాడు, చిన్నగా.
ఆమె నవ్వి, రాయి శానా బాగుందనింది.

లారీ పోయినాక ఒక బండ మిగిలింది,
పగులుందని తీసేసింది.
ఓబన్న చెంబుతో నీళ్ళు పోసి, కూచోని చూసినాడు.
"పగులు ఈ కొస కాడికే," అన్నాడు,
"ఆ పక్కంతా గట్టిగానే ఉండాది."

ఇరవై ఆరేండ్లకు అంత పొడుగు మాట.
ఎవురి పేరు ముందని
నేను అడగల్యా. వాడూ అడగల్యా.
ఎండకు బండంతా ఆరిపోయింది.
పగులొక్కటే
ఇంకా తడిగా ఉండాది.