ఎడమ చెయ్యి

ఒకటో తరగతిల పలక మీద
ఈ చేత్తోనే 'అ' రాసిన.
అమ్మ చింతబరికె తెచ్చింది.
"పుర్రచేత్తో పెట్టిన బువ్వ కుక్క గూడ ముట్టది" అన్నది.
అప్పటి సంది దీన్ని
లంగా మడతల్ల దాచుకోని నడిచిన,
షాపుల చిల్లర తీసుకునేటప్పుడు గూడ.

మామునూరుల, డిప్లొమా రెండో ఏడు.
పాత విమానాల మైదానంల ఎవలయో బర్రెలు మేస్తున్నయి.
జహీరుద్దీన్ సార్ పదకొండు మందిని వరుసల నిలబెట్టి
"గోర్లు తియ్యుండ్రి, గాజులు తియ్యుండ్రి" అన్నడు.
"కుడిచెయ్యి గన్ను పడుతది, అంతే.
చదువుకునేది ఎడమది.
దాపటెద్దు గుంజకుంటె సాలు సక్కగ రాదు."
అందరు తమ ఎడమచేతుల దిక్కు
కొత్త సుట్టాన్ని చూసినట్టు చూసిన్రు.
నేను నా దాని దిక్కు చూడలే.

మొదటి నెలంత బకెట్లే.
తెల్లారంగ కబేలా నుంచి వచ్చేటియి,
నీళ్లల్ల తేలుకుంట గర్భసంచులు.
కండ్లకు దస్తీ కట్టి తడిమిపిచ్చేటోడు.
ఇది మెడ, కోడిమెడ లెక్క గరుకు.
ఇవి కొమ్ములు, పొట్టేలు కొమ్ముల తీరు వంపు.
ఇది అండం తిత్తి, నానిన చిక్కుడుగింజంత.
ఒకనాడు కొమ్ముల
బొటనేలంత ఏదో తగిలి జారింది.
సార్ బకెట్ పక్కకు జరిపిండు, ఏం చెప్పలే.
ఆ పూట మెస్సుల నేను గుడ్డు తీసుకోలే.

సంగెం అవతల ఊర్ల క్యాంపు.
ఎల్లబోయిన కొమురెల్లి బర్రె వరుసల నాలుగోది.
"మూడు సూదులేస్తిరి, కట్టలే. వట్టిది" అన్నడు.
ట్రాలీ ఆటో ఇంజన్ బంద్ చెయ్యకుంటనే నిలబడ్డది,
బేరగాడు నోట్లు లెక్కవెడుతున్నడు. రేపు అంగడి.
బుచ్చమ్మ అప్పటికే తలుగు విప్పి
భుజం మీదేసుకున్నది.
బర్రెనమ్ముతరు గని తలుగమ్మరు.

భుజం దాక గ్లౌజు. పేడ తీసిన.
మెడ దొరికింది.
దాని ముందట ఏం లేదు.
కొమ్ములు లేవు, అంచు దిగితె బావి లెక్క.
బర్రె ముక్కింది, చెయ్యి మోచేతి కాడ మొద్దువారింది.
"ఏంది పిల్లా, అండ్ల ఉంగరం పడేసుకున్నవా?"
బేరగాని నవ్వుకు ఇంకో ఇద్దరు నవ్విన్రు.

సంచి బరువైతె కిందికి జారుతది, చేతికందది,
అప్పుడు గోడ వట్టుకోని పో, నరం దొరుకుతది,
అది కొట్టుకోదు, గుయ్యిమంటది,
సార్ ఎప్పుడో చాక్‌పీసు విరిగినంక అన్న మాట.
వేళ్లు గోడ పొంటి పోయినయి.
పెన్సిలంత లావు. మెల్లగ పట్టిన.
కంట్లం మోటరు పెట్టినప్పుడు
పైపు మీద చెయ్యేస్తె ఎట్లుంటదో అట్ల,
లోపట ఎవలకో నీళ్లు పారుతున్నయి.

"చూడిది" అన్న. నాకే వినవడలే.
మల్ల అన్న, "చూడిది. ఐదో నెల."

నవ్వు ఆగింది, ఇంజన్ ఆగలే.
సార్ చెయ్యి కడుక్కోని, గ్లౌజు తొడుక్కోని, తనూ చూసిండు.
నిమిషం. ఇంకా ఎక్కువనే.
బర్రె నెమరేసుకుంటనే ఉన్నది.
"ఐదు గాదు, ఆరు నడుస్తున్నది" అన్నడు.
"నరం ఇంకా మంచిగ చదువు."
రిజిస్టర్ల ఆరు అని రాసిండు.

బుచ్చమ్మ తలుగు మల్ల కట్టవోతె
ముడి రెండుసార్లు జారింది.
బేరగాడు డీజిల్ పైసలడిగిండు,
కొమురెల్లి ఇయ్యనన్నడు,
మా జీపు కదిలేదాక ఆ లొల్లి తెగలే.

రాత్రి హాస్టల్ల, మూడు సబ్బులకూ వాసన పోలే.
అన్నం కుడిచేత్తోనే తిన్న.
రికార్డు మాత్రం,
తేదీ, ఊరు, బర్రె చెవిపోగు నంబరు,
ఎడమచేత్తో రాసిన.
అక్షరాలు ఒకటో తరగతియే, వంకరటింకర.

సైలెంట్ల పెట్టిన ఫోను గుయ్యిమన్నది.
అమ్మ.
ఎత్తలే. కొద్దిసేపు
అరచేతిల అట్లనే పట్టుకున్న.