మేఘం లేచిన పొద్దు

సిరొంచ బడి నాకు మరాఠీ నేర్పింది.
తెలుగు ఈ గ్రంథంలోనే వచ్చింది,
ముప్పై రెండో ఏట, అత్త పక్కన పీట మీద,
అక్షరం కింద వేలు పెట్టుకుని.
ఇప్పటికీ 'శ్రా' దగ్గర నాలుక మడత పడుతుంది.
ఇ... శ్రా... యే... లీ... యులు.
అత్త చింతపండు గింజలు తీస్తూ వింటుంది.
"నిదానంగ సదువు బిడ్డా, వాళ్ళు మాత్రం ఉరికిండ్రా?"

వాళ్ళకు నలభై ఏళ్ళు పట్టిన దారి.
నేను రాత్రికి అర పేజీ.
ఏడాదిగా ఎడారిలోనే ఉన్నాం ఇద్దరం.

నిన్న వచ్చింది ఆ మేఘం,
గుడారం మీద నిలిచే మేఘం.
అది లేస్తే వీళ్ళు లేవాలి, ఆగితే ఆగాలి.
రెండు రోజులైనా, నెలైనా, ఏడాదైనా.
ఎందుకో చెప్పడు.
సాయంత్రం దిగి తెల్లారి లేచిపోయిన చోట్లూ ఉన్నాయట.

అక్కడ ఆగిపోయాను, ఒత్తు పలకలేక కాదు.
ఒక ఆడమనిషి కనబడింది.
పేరు రాయలేదు ఆమెది.
మూడు రాళ్ళు అప్పుడే కుదిరాయి,
పాలకు తోడు వేసింది,
పిల్లాడి బట్ట ఇంకా తడి ఆరలేదు.
బూర ఊదారు.
పెరుగు కాని పాలను ఏం చేసింది?
పారబోసిందా, కదలకుండా చంకన పెట్టుకుని నడిచిందా?
కొండ మీది ఉరుములు నాకంత పట్టవు.
విశ్వాసం అంటే ఆ కుండే గుర్తొస్తుంది.

అత్తనడిగాను.
"పోయిన వానకాలం నువ్వేం జేసినవ్?" అంది, తల ఎత్తకుండా.

పోయిన వానకాలం
ప్రాణహిత గోదారిలో కలవలేక వెనక్కి తిరిగింది.
అర్ధరాత్రి తహసీలు జీపు, మైకు,
ఉఠా, నిఘా. లేవండి, కదలండి.
ఎక్కడికో, ఎన్నాళ్ళకో ఆ మైకుకీ తెలియదు.
మిరప నారు వైపు ఒకసారి చూశాను.
ఆయన మేకల తాళ్ళు కోసేశాడు.
అత్త గ్రంథాన్ని యూరియా సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుంది.
మేట్టు మీది బడిలో పదకొండు రాత్రులు.
మూడో రోజే గొణిగాను.
రోజూ అదే కిచిడీ,
ఒక్క ఉల్లిగడ్డ లేదని ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను.

"వాళ్ళు గూడ ఉల్లిగడ్డలకే ఏడుస్తరు," అత్త నవ్వింది,
"ఇంకో రెండు అధ్యాయాలు ఆగు."

సిగ్గు కొంచెం తగ్గింది.
గొణిగిన నోళ్ళను దాచిపెట్టలేదు ఈ గ్రంథం.
నోరు గొణుగుతూనే ఉంది,
కాళ్ళు మాత్రం కదిలాయి.
లోబడడం అంటే అంతేనేమో, ఎక్కువసార్లు.

అయినా జీపూ మేఘమూ ఒకటి కాదత్తా.
మేఘం వాళ్ళ ముందు నడిచింది.
జీపు మైకు కట్టేసి వెళ్ళిపోయింది.
పన్నెండో పొద్దున ఎవరూ పిలవకుండానే
మా ఇంటికి మేమే దారి వెతుక్కున్నాం.
ఈ మాట పైకి అనలేదు.

లేవమంటే లేవడం నాకు వచ్చు.
ఆగమంటేనే రాదు.
చేనులో మోకాటి లోతు ఇసక.
వంతెన దాటి మంచిర్యాల పోదాం అంటాడు ఆయన,
తమ్ముడికి బట్టీలో పని దొరికిందట.
రోజూ పొద్దున ఆయన ఇసక వంక చూస్తాడు,
నేను పైకి చూస్తాను.
చైత్రపు ఆకాశం, దూది పింజ కూడా లేదు.
లేదంటే ఆగమనా,
లేక మాకు మేఘమే రాసిపెట్టలేదనా?

అత్త చేతులు కడుక్కుని
పాలకు తోడు వేసింది, మూత పెట్టింది.
"ఇయ్యాల ఏడ దిగిండ్రు?"
రోజూ అడుగుతుంది, పుట్టింటివాళ్ళ కబురు అడిగినట్టు.
"ఏదో ఊరు. నోరు తిరగట్లేదు."
"నీళ్ళున్నయా?"
"రాయలేదు."
"సరే తీ. పొద్దుగాల సూద్దాం,"
అని లైటు తీసేసింది.